శాకాహారులకు కొలెస్టరాల్ ఎక్కడిది?

మాంసము, గ్రుడ్డు ముట్టని యిండ్లలో గుండెజబ్బు ప్రవేశింపదను నమ్మకము వర్తక కుటుంబములలో చిరకాలముగ నున్నది. హోసూరులోగాని, కృష్ణగిరిలోగాని ఉదయము దుకాణము తెరచి, రాత్రి లెక్క కట్టువరకు గద్దె దిగని వర్తకునకు ఈ నమ్మకము నష్టమునే తెచ్చుచున్నది.

కొలెస్టరాల్ మైనమువంటి పదార్థము. విషము కాదు; కణముల పొరలకును, పైత్యరసమునకును అది లేక జరుగదు. వృక్షసంబంధమైన ఆహారమున అది దాదాపు లేదు. కావున నూనెడబ్బాపై “కొలెస్టరాల్ లేదు” అని అచ్చువేయుట నిజమే కాని, గొప్ప కాదు. ఏ గింజనూనెలోను అది యుండదు. పాలు, వెన్న, నేతులలో కలదు. అయినను శరీరమునందలి కొలెస్టరాల్‌లో ఎక్కువభాగము కాలేయము స్వయముగ తయారుచేయునదే. నేయి, కొబ్బరినూనె, పామాయిలులందలి సంతృప్తపు కొవ్వు మితిమీరినచో, రక్తమునుండి కొలెస్టరాల్‌ను తీసివేయు కాలేయపు శక్తి తగ్గును. శాకాహారికి చిక్కు ఇక్కడనే వచ్చును. పండుగ మిఠాయిని ఒకనాడు తినుట వేరు, ప్రతిదినము రొట్టెపై నేయి కుమ్మరించుట వేరు.

నూనె నీటిలో కలియదు గదా! అందువలన కొలెస్టరాల్ రక్తములో ప్రొటీను మూటలలో ప్రయాణించును. ఎల్.డి.ఎల్. సరకు తెచ్చు బండి, హెచ్.డి.ఎల్. మిగులు సరకును కాలేయమునకు మరలించు తిరుగుబండి. తెచ్చు బండ్లు ఎక్కువైనచో సరకు ధమనుల గోడలలో దిగి, ఏండ్లతరబడి గారవలె పేరుకొనును. ఆ గార పగిలినచోట రక్తము గడ్డకట్టి దారి మూసిన గుండెపోటు. మెదడు నాళమున జరిగిన పక్షవాతము. అంతవరకు నొప్పియు నుండకపోవచ్చును.

తమిళనాడు, మహారాష్ట్ర, జార్ఖండు, చండీగఢులలో భారత వైద్య పరిశోధనా మండలి జరిపించిన పరిశీలన 2014లో వెలువడినది. మొత్తము కొలెస్టరాల్ హెచ్చుగ నున్నవారు నూటికి సుమారు 14 మందే. కాని హెచ్.డి.ఎల్. తక్కువైనవారు 72 మంది! మొత్తపు అంకె ఒక్కటి చూచి తృప్తిపడుట, జమ చూచి ఖర్చు చూడకపోవుట వంటిది. సామాన్యముగ 100 మిల్లీలీటర్ల రక్తమునకు ఎల్.డి.ఎల్. 100 మిల్లీగ్రాములకు లోపల, హెచ్.డి.ఎల్. పురుషులకు 40కి, స్త్రీలకు 50కి పైన, ట్రైగ్లిజరైడులు 150కి లోపల నుండుట మేలు. చక్కెరజబ్బు, బి.పి., పొగాకు, తండ్రికో అన్నకో చిన్నవయసున గుండెపోటు వచ్చియుండుట, వీనినన్నింటిని కలిపియే వైద్యుడు లెక్క కట్టును.

బి.పి., చక్కెరజబ్బుల మందులను ఇంటికే తెచ్చియిచ్చు తమిళనాడు ప్రభుత్వ పథకము 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే ఆరంభమైనది. ఛాతీనొప్పితో వచ్చినవారికి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములందే మొదటి మోతాదు ఇచ్చు ఏర్పాటు 2023లో వచ్చినది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లతోపాటు కొలెస్టరాల్ మందగు అటార్వాస్టాటిన్ కూడ అందులో నున్నది.

చౌవిహారము పాటించువారు కొందరు, “రాత్రి మాత్ర” అని చీటీలో చూచి, మందునే మానివేయుదురు. ఇది అనవసరము. అటార్వాస్టాటిన్, రోసువాస్టాటిన్‌లు దీర్ఘకాలము పనిచేయునవి గనుక పగటివేళ ఏదో ఒక నియమిత సమయమున తీసికొనవచ్చును. సింవాస్టాటిన్ మాత్రము రాత్రికి తగినది. నియమమును వైద్యునకు తెలిపినచో ఆయన మందును మార్చియిచ్చును. అఠ్ఠాయి వంటి దీర్ఘోపవాసము తలచినవారు, చక్కెరజబ్బు లేక బి.పి. మందులు కూడ వాడుచున్నచో, పచ్చక్కాణము తీసికొనుటకు ముందే వైద్యుని కలియవలెను; ఆ మందుల మోతాదు తిండిని, నీటిని బట్టి మారును.