పేరు వేరు - దినుసు వేరు

ఒక భాషలోని పేరును మరొక భాషలోనికి మార్చుట సులభమని పలువురు తలంతురు. వంటల పుస్తకమును ఆంగ్లమునుండి ఫ్రెంచి భాషలోనికి అనువదించువాడు మాత్రము అట్లు తలపజాలడు.

లవంగమును ఆంగ్లమున ‘క్లోవ్’ అందురు. ఫ్రెంచి భాషలో ‘క్లూ’ అనగా మేకు. ఎండిన లవంగ మొగ్గ చిన్న మేకువలె నుండుటచే ఫ్రెంచివారు దానిని ‘క్లూ ద జిరోఫ్ల్’ అనిరి. ఆ ‘క్లూ’ శబ్దమే ఆంగ్లమున ‘క్లోవ్’ అయినది. కాని ఆంగ్లేయులు వెల్లుల్లి రెబ్బను కూడ ‘క్లోవ్’ అనియే వ్యవహరింతురు. దానికి ఫ్రెంచిలో ‘గూస్’ అని వేరొక పేరు కలదు. ఈ భేదము నెరుగక, నాలుగు వెల్లుల్లి రెబ్బలు అని యుండవలసినచోట నాలుగు లవంగములు అని వ్రాసినచో ఆ వంటకము చెడును.

పేరును బట్టి వస్తువును ఊహించుటయు ప్రమాదకరమే. పసుపునకు ఫ్రెంచిలో ‘కుర్కుమా’ అని పేరు. దానినే ‘ఇండియా కుంకుమపువ్వు’ అను అర్థము వచ్చునట్లు కూడ పిలుతురు. పసుపు దుంప, కుంకుమపువ్వు పూవులోని కీలాగ్రము. రంగు ఇంచుమించు ఒకటియే యైనను రుచి వేరు, వెల వేరు.

ఆంగ్లమున ‘ఆల్‌స్పైస్’ అనునది పెక్కు దినుసుల మిశ్రమము కాదు. జమైకా మొదలగు ప్రదేశములలో పెరుగు ఒక చెట్టు కాయ. ఫ్రెంచిలో దీనికి గల ‘నాలుగు సుగంధములు’ అను పేరు, మిరియములు, జాజికాయ, లవంగములు, శొంఠి మున్నగువానిని కలిపిన పొడికిని చెల్లును.

కావున అనువాదకుడు నిఘంటువునే గాక వస్తువును కూడ ఎరిగి యుండవలెను. మాటకు మాట సరిపోయిన చాలదు. వంటవాని చేతికి అందు దినుసు సరిపోవలెను.