గంట ప్రయాణం ఎన్ని గంటలు?

కడియం అక్క కూతురు హైదరాబాదులో ఉంటుంది. ఆమెకు నెలలు నిండాయి. గురువారం పొద్దున్న 11 గంటలకు ఆపరేషన్ చేస్తామని డాక్టరమ్మ చెప్పింది. "అమ్మా, ఆ వేళకు నువ్వు నా పక్కన ఉండాలి" అని కూతురు ఫోనులో ఏడ్చింది.

అల్లుడు ఫోను అందుకున్నాడు. "అత్తయ్య గారూ, కంగారు పడకండి. గురువారం పొద్దున్న 8 గంటలకు రాజమండ్రిలో విమానం ఉంది. గంట ప్రయాణమే. టికెట్టు తీసేయమంటారా?" అన్నాడు.

అక్క వెంటనే సరే అనలేదు. "ఉండండి బాబూ, లెక్క చూసి చెబుతాను" అంది. నోటు పుస్తకం తీసింది.

మనమూ లెక్క చూద్దాం. ముందు దూరం.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఉంది. హైదరాబాదు విమానాశ్రయం శంషాబాదులో ఉంది. రోడ్డు మీద వెళితే 400 కిలోమీటర్ల పైనే. విజయవాడ, వరంగల్లు మీదుగా వెళ్లే రైలుకు సుమారు 500 కిలోమీటర్లు. విమానానికి కొండలు, ఏరులు అడ్డం రావు. అది తిన్నగా పోతుంది. అందుకే దానికి దూరం సుమారు 360 కిలోమీటర్లే.

ఇక కాలం. దగ్గర ఊళ్లకు తిరిగే చిన్న విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన 43 నిమిషాలు చాలు. మరి టికెట్టులో గంటకు పైనే ఎందుకు వేస్తారు? విమానం ముందు నేల మీద మెల్లగా నడవాలి. పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు దాని వేగం తక్కువ. దిగడానికి వరుసలో ఆగవలసి రావచ్చు.

అక్క రాసుకున్న లెక్క ఇది:

ఇంటి నుంచి మధురపూడికి – 1 గంట
తనిఖీలకు ముందుగా చేరడం – 2 గంటలు
విమానంలో – 1 గంట 10 నిమిషాలు
సామాను తీసుకుని బయటికి రావడం – 30 నిమిషాలు
శంషాబాదు నుంచి ఆసుపత్రికి – 1 గంట 30 నిమిషాలు
మొత్తం – 6 గంటల 10 నిమిషాలు

తెల్లవారుజామున 5 గంటలకు ఇల్లు కదిలినా, ఆసుపత్రి చేరేసరికి 11 గంటల 10 నిమిషాలు. అప్పటికే కూతుర్ని లోపలికి తీసుకెళ్లిపోతారు!

అక్క రైలు లెక్క కూడా వేసింది. బుధవారం రాత్రి 7:30కి ఇల్లు కదలాలి. 9 గంటలకు రైలు. పొద్దున్న 6 గంటలకు సికింద్రాబాదు. 7 గంటలకు ఆసుపత్రి. మొత్తం 11 గంటల 30 నిమిషాలు. ప్రయాణం ఎక్కువే. కానీ వేళకు చేరవచ్చు.

"బాబూ, నాకు బుధవారం రాత్రి రైలుకే టికెట్టు తీయండి" అంది అక్క.

గురువారం పొద్దున్న కూతురు కళ్లు తెరిచేసరికి అమ్మ పక్కనే ఉంది.

విమానం చెడ్డదని కాదు. మొత్తం మీద 5 గంటల 20 నిమిషాలు మిగులుతుంది. ఆపరేషన్ సాయంత్రమైతే విమానమే మేలు. కానీ గాలిలో ఎంతసేపు అని ఒక్కటే అడిగితే చాలదు. ఇంటి గడప నుంచి చేరే గడప దాకా లెక్క వేసుకోవాలి.

గుర్తుంచుకోండి

టికెట్టు మీద మధ్యాహ్నం 1 గంటను 13:00 అని వేస్తారు. 12 తీసేస్తే మన గంట వస్తుంది. టికెట్టులో పేరు, ఆధార్ కార్డులో పేరు ఒకేలా ఉండాలి.

చెప్పండి

1. రోడ్డు కన్నా విమానానికి దూరం ఎందుకు తక్కువ?
2. టికెట్టు మీద 18:40 అని ఉంది. మన లెక్కలో ఎన్ని గంటలు?
3. ఆపరేషన్ మధ్యాహ్నం 2 గంటలకు అయితే అక్క ఆ విమానంలో వెళ్లవచ్చా? లెక్క వేసి చెప్పండి.