ఓజోన్ ఎంత కాంతిని ఆపుతుంది? లెక్క చేద్దాం!



ముందు ఒక ప్రశ్న. ఒక వాయువు పొర మీద 100 పాళ్ల కాంతి పడింది. అందులో 65 పాళ్లు పొర పీల్చుకుంది. 35 పాళ్లు బయటికొచ్చాయి. అలాంటి పొరలే రెండు, ఒకదాని కింద ఒకటి ఉంటే ఎంత కాంతి బయటికొస్తుంది?

"65, 65 కలిపితే 130. ఉన్నది వందే కదా, ఇంక ఏమీ రాదు" అని నేను నోట్సులో రాశాను. సారు ఎర్ర సిరాతో కొట్టేశారు. రెండో పొర మీద పడేది 100 కాదు, 35 మాత్రమే! అందులోనూ నూటికి 35 వంతున బయటికొస్తుంది.

35 × 0.35 = 12.25, అంటే సుమారు 12 పాళ్లు.

కాబట్టి గుర్తుంచుకోండి: ఇది తీసివేత లెక్క కాదు, గుణకారం లెక్క. ప్రతి పొరలోనూ మిగిలినదాంట్లో అదే వంతు పోతుంది. ఈ సంగతి 1729లో ఫ్రాన్సు దేశపు బూగే కనిపెట్టారు. 1760లో లాంబర్ట్ సూత్రంగా రాశారు. పదార్థం చిక్కదనం కూడా లెక్కలోకి వస్తుందని 1852లో బీర్ చూపారు. అందుకే దీన్ని బీర్-లాంబర్ట్ నియమం అంటారు.

ఇప్పుడు అసలు లెక్క. ఓజోన్ ఆకాశంలో చాలా ఎత్తున పలచగా పరచుకుని ఉంటుంది. దాన్నంతా సముద్రమట్టం దగ్గరి గాలి ఒత్తిడికి, 0 డిగ్రీల చలికి తెస్తే సుమారు 3 మిల్లీమీటర్ల మందమే ఉంటుంది! దీన్నే 300 డాబ్సన్ యూనిట్లు అంటారు. 300 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని ఒక్కో మిల్లీమీటరు ఓజోన్ నూటికి సుమారు 35 వంతున వదులుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడనుకుని, ఓజోన్ ఒక్కదాన్నే లెక్కిస్తే:

1 మి.మీ. దాటాక – 35 పాళ్లు
2 మి.మీ. దాటాక – 12 పాళ్లు
3 మి.మీ. దాటాక – 4 పాళ్లు

అంటార్కిటికా మీద వసంతకాలంలో ఓజోన్ బాగా తగ్గిపోతోందని 1985లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 1990లలో అక్కడ కొన్ని రోజులు 100 యూనిట్లకు, అంటే 1 మి.మీ.కు పడిపోయింది. ఓజోన్ మూడో వంతుకు తగ్గితే ఈ కాంతి మూడు రెట్లు అవుతుందనుకుంటాం. కానీ పైన చూడండి, 4 ఉన్నది 35 అయింది. ఎనిమిది రెట్లు! ఈ కాంతి చర్మానికీ, కళ్లకీ, పంటలకీ చేటు. అందుకే 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. ఫ్రిజ్‌లలో వాడే సి.ఎఫ్.సి. వాయువులను క్రమంగా మాన్పించాయి. ఓజోన్ ఇప్పుడు నెమ్మదిగా కోలుకుంటోంది.

మీకో లెక్క: పొద్దున ఎండ ఏటవాలుగా వస్తుంది. అప్పుడు కాంతి 6 మి.మీ. ఓజోన్ దాటాలనుకోండి. 100లో ఎన్ని పాళ్లు నేలకు చేరతాయి?

(జవాబు: 0.35ను ఆరుసార్లు గుణించండి. 0.2 పాలు కూడా రాదు. మధ్యాహ్నం ఎండే ఎందుకు ఎక్కువ కాలుస్తుందో తెలిసిందా?)