పూర్వుల భాషయు, ఇంటి భాషయు

నీ మాతృభాష యేది యని యడిగినచో మనలో పెక్కురు తడుముకొనరు. తాత పలికినదియు, తల్లి పలుకునదియు, తాము వీధిలో నాడుకొనునపుడు పలుకునదియు నొక్కటే యగుటచే నది మనకు ప్రశ్నగా తోపదు. ఈ మూడును వేర్వేరైన చోట పెరుగు బాలుడు తన్ను తానేమని చెప్పుకొనవలెను? దీనిని విచారించుటకు హిందూ మహాసముద్రమందలి మారిషస్ ద్వీపమున పుట్టి పెరిగిన తెలుగువారికంటె మంచి దృష్టాంతము మాకు కానరాలేదు.

ఆ ద్వీపము పూర్వము ఫ్రెంచివారి యధీనమున నుండెను. 1810లో ఆంగ్లేయులు దానిని జయించిరి గాని, అచ్చటి ఫ్రెంచి భాషను, ఆచారములను తొలగింపలేదు. 1835లో బానిసత్వము రద్దు కాగా చెరకు తోటలకు కూలీలు కరవైరి. 1834 మొదలు 1920 వరకు సుమారు అయిదు లక్షలమంది ఒడంబడిక కూలీలు పోర్టు లూయీ రేవున దిగిరి. వారిలో నెక్కువమంది మన దేశమువారే. వారెక్కివచ్చిన మెట్లు నేటికి నున్నవి. అప్రవాసీ ఘాట్ అను నా స్థలము 2006లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినది. వచ్చినవారిలో భోజపురి పలుకు ఉత్తరదేశీయులు మెండు, తెలుగువారు కొలది. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు 1839 నాటి తుపానుకు చెడిపోయినను, దాని పేరు మాత్రము వీరిని వెంటాడినది. ఆ దీవిలో తెలుగువారికి కోరంగీలనియే పేరు పడినది.

ఈ కోరంగీల బిడ్డలకు చెవిని పడిన భాషలెన్ని! ఆఫ్రికా, మడగాస్కరు ప్రాంతములనుండి తేబడిన బానిసలకును, ఫ్రెంచి యజమానులకును నడుమ పుట్టిన క్రియోల్ భాష తోటలలో నందరిది. దాని మాటలు చాలవరకు ఫ్రెంచివి, వ్యాకరణము మాత్రము దాని సొంతము. పల్లెలలో భోజపురి వినబడుచుండెను. పత్రికలు ఫ్రెంచిలో, పరీక్షలు ఇంగ్లీషులో. తెలుగు క్రమముగా ఇంటిలోనికి, ఇంటిలోనుండి దేవుని గదిలోనికి తగ్గిపోయినది. రామభజనమునందును, సింహాద్రి అప్పన్న పూజయందును, అమ్మోరు పండుగయందును నిలిచినది. పాట యర్థము పూర్తిగా తెలియకయే భక్తితో పాడువారు కలరు. ఇందుకు మనము నవ్వరాదు. మనలో సంస్కృత మంత్రముల యర్థమెరిగి తలయూపువారెందరు?

పేర్లసంగతియు వింతయే. మనకు ఇంటిపేరు ముందు, పెట్టినపేరు వెనుక. అచ్చట తాతకు పెట్టినపేరే కాగితములలో కుటుంబమంతటికిని ఇంటిపేరై కూర్చున్నది. అప్పడు అను పేరు ఫ్రెంచి వర్ణక్రమమున వ్రాయబడి, నేడు వైద్యుల తలుపులపైనను, న్యాయవాదుల తలుపులపైనను కనబడును. కృష్ణా గోదావరీ తీరములందలి యసలు ఇంటిపేరు మరుగుపడినది, కూలివాని పేరు వంశమునకు మూలమైనది. ఇది లోపమని కొందరందురు. మాకట్లు తోచదు. సముద్రము దాటినవాని పేరుతో వంశమును లెక్కించుకొనుట న్యాయముగనే యున్నది.

ఆ దేశపు జనాభా లెక్కలలో నొక విశేషము కలదు. 2000లోను, 2011లోను ప్రతి మనుష్యుని భాషను గూర్చి రెండు ప్రశ్నలు వేసిరి. మీ పూర్వుల భాష యేది? ఇంటిలో మీరు సాధారణముగా పలుకునదేది? మొదటిదానికి తెలుగు అనియు, రెండవదానికి క్రియోల్ అనియు నుత్తరమిచ్చినవాడు అబద్ధమాడినవాడు కాడు. ఇంతకంటె వింత మతమును గూర్చిన ప్రశ్నయందున్నది. అక్కడ కూడ తెలుగు అని చెప్పుకొనువారు కలరు! మన నాట హిందువులు, మహమ్మదీయులు, క్రైస్తవులు నందరును తెలుగు పలుకుదురు గనుక భాష పేరు మతము పేరగుట మన యూహకందదు. నోటినుండి జారిన భాష పూజలో నిలిచినందున దాని పేరు పూజకే పేరైనది. ఇట్లు చూడగా, భాష పోయిన జాతి పోవునను మాట యంత తేలికగా నొప్పుకొనదగినది కాదు.

అయినను, భాష జారుటవలన నష్టమేమియు లేదనువారితోను మేమేకీభవింపము. క్రియోలున తోంతోం అను నొక్క మాట కలదు. అది పెదనాన్నకు, బాబాయికి, మేనమామకు నందరికిని చెల్లును. మనకు బాబాయి కూతురు చెల్లెలు, మేనమామ కూతురు వరసైన పిల్ల. మాట యొక్కటియైన చోట ఈ భేదము చెప్పి తెలియజేయవలసినదే గాని పిలుపులోనే తెలియదు. బంధుత్వపు మాటలను ఇంటిలో కడపటివరకు నిలుపుకొన్న ముదుసలులు తామెరుగకయే గొప్ప పని చేసిరి.

నేడచ్చట తెలుగు ప్రభుత్వ పాఠశాలలలో ఐచ్ఛికముగా నేర్పబడుచున్నది. 1970లో మోకా గ్రామమున నేర్పడిన మహాత్మాగాంధీ సంస్థయందు పై చదువులకును చోటున్నది. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దీవిలోనే జరిగినవి. అయితే ఒక సంగతి గమనింపవలెను. బాలుడు పుస్తకమున నేర్చుకొను తెలుగు అతని ముత్తాత పలికిన తెలుగు కాదు. ఆయన పలుకు విశాఖపట్టణపు పల్లెలదో, గోదావరి లంకలదో. పుస్తకము శిష్టుల భాష. పూర్వుల భాష యను పేరుతో నతడు నేర్చుకొనుచున్నది కొంతవరకు క్రొత్త భాషయే. ఆ కష్టమెరుగక, మన వారు కొందరచటికి పోయి, వీరి తెలుగు పుస్తకపు తెలుగని చిరునవ్వు నవ్వుట మాకు కిట్టదు. మరియొకవైపున, చిరకాలము బడిలో గౌరవము నోచుకొనని క్రియోల్ కూడ 2012 నుండి ఐచ్ఛిక పాఠ్యవిషయమైనది. ఇప్పుడు బాలుని రెండు భాషలకును బడిలో పీట దొరకినది.

ఉగాది ఆ దేశమున ప్రభుత్వపు సెలవుదినము. ఆ దీవి భూమధ్యరేఖకు దక్షిణమున నున్నది గనుక మన చైత్రమునకు వారికి వేసవి ముగియుచుండును. మామిడిపండ్ల కాలము గడచి చాల దినములై యుండును. అయినను పంచాంగమున వసంతమనియే యుండును. పిల్లలు కోయిలను, లేమావి చిగురును గూర్చిన పాఠము చదివి, కిటికీలోనుండి పెరుగుచున్న చెరకును చూతురు. ఆ చెరకు చలికాలము వచ్చినపిదప కోతకు వచ్చును. ఆ సంగతి వారికి పంచాంగము చెప్పలేదు, తాతలు చెప్పిరి.