గంట విన్నా లేవనక్కర్లేదు

తెనాలి,
కనుమ వెళ్లిన నాలుగో రోజు.

చిరంజీవి నానికి, అమ్మమ్మ ఆశీర్వదించి రాస్తున్నది.

నువ్వు బస్సెక్కి వెళ్లాక ఇల్లు సర్దుతుంటే, నీకోసం కట్టిపెట్టిన అరిసెల డబ్బా మంచం పక్కనే ఉండిపోయి కనపడింది నాన్నా. చూడగానే నీమీద కోపమొచ్చింది గానీ, ఆ రాత్రి డాబా మీద నువ్వన్న మాట గుర్తొచ్చి ఆ కోపం అక్కడికక్కడే దిగిపోయింది. "అమ్మమ్మా, నాకు జబ్బేమీ లేదు, కానీ లోపల ఏమీ మిగల్లేదనిపిస్తోంది" అన్నావు. నీ తల నిమిరానే గానీ జవాబేమీ చెప్పలేదు. నాలుగు రోజులుగా ఆ మాటే మనసులో నానుతోంది, అందుకే ఈ ఉత్తరం.

భోగినాడు నువ్వు భోజనానికి కూర్చున్నప్పటి నుంచి పెరుగన్నం తిని లేచేదాకా నీ ఫోన్ పధ్నాలుగు సార్లు టింగుమంది. నిన్ను తప్పుపట్టాలని లెక్కపెట్టలేదురా, గంట మోగితే లెక్కపెట్టడం నాకు తొమ్మిదో ఏట అబ్బిన అలవాటు. 1962లో మా ఊరి రామాలయం మండపంలో అష్టావధానం జరిగింది, మీ ముత్తాతగారు, అంటే మా నాన్నగారు, దత్తపది పృచ్ఛకులుగా కూర్చున్నారు, గంట కొట్టే పని నాకు అప్పజెప్పారు. ఎప్పుడు పడితే అప్పుడు, ఎన్నిసార్లయినా కొట్టొచ్చు. అవధానిగారు పద్యాలు చెబుతూనే ఆ గంటలన్నీ మనసులో లెక్కపెట్టుకోవాలి. చుట్టూ ప్రశ్నలడిగే పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇచ్చారు, నాన్నగారు నాలుగు పదాలిచ్చి వాటితో రామాయణార్థంలో పద్యం చెప్పమన్నారు, నిషిద్ధాక్షరి ఆయన అక్షరం అక్షరానికీ అడ్డుపడుతున్నారు, అప్రస్తుత ప్రసంగం చేసే ఆయనేమో సరిగ్గా పద్యం ఎత్తుకునే వేళకు దోసెకు చిల్లులెందుకు పడతాయో చెప్పమని కూర్చున్నారు. అవధానిగారు నవ్వి, ఆయనకో చమత్కారం వినిపించి, వదిలిన పాదం దగ్గరికే మళ్లీ వచ్చారు. ఆవృత్తికో పాదం చొప్పున నాలుగు ఆవృత్తులూ నడిచాక, ధారణలో పద్యాలన్నీ మొదటినుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి, ఆఖర్న నావైపు తిరిగి "ఇరవై ఏడు గంటలు కదమ్మా" అన్నారు. నా వేళ్లమీది లెక్కా ఇరవై ఏడే.

రాత్రి మా ఇంట్లోనే భోజనం. వడ్డిస్తున్న అమ్మ వెనక నిలబడి, నేను గంట కొట్టినప్పుడల్లా మీ పద్యం చెదిరిపోలేదా అని అడిగేశాను. "విన్నాను తల్లీ, దాని వెంట పోలేదంతే" అన్నారాయన. ఏకాగ్రత గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా, బడిలో ముప్పై ఏళ్లపాటు పిల్లలకు ఈ కథే చెప్పి, ఇక్కడితోనే ఆపేసేదాన్ని. అవధానమంటేనే మనసు పెట్టడం కదా, అంతకన్నా ఏం కావాలనుకునేదాన్ని. నీ మాట విన్నాక మిగతా సగం గుర్తొచ్చింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం దాకా ఆయన మా వసారాలో ఒళ్లెరగకుండా నిద్రపోయారు. ఊళ్లోవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చూడ్డానికి వస్తుంటే, నాన్నగారు వీధి తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, పెదవులమీద వేలు పెట్టి, అందరినీ నెమ్మదిగా వెనక్కి పంపేశారు.

అంతటి ధారణ ఉన్న మనిషికి కూడా అంత నిద్ర కావలసి వచ్చింది నాన్నా. పైగా ఆయన సభకు మంగళం ఉంది. ఎన్ని గంటలు మోగినా, ఎంతమంది అడ్డుపడినా, ధారణ కాగానే సభ ముగిసిందని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. మా రోజుల్లో చాలావాటికి అలాంటి ముగింపు దానంతటదే వచ్చేది. రాత్రయితే విజయవాడ రేడియో మూగబోయేది, సినిమా చివర తెరమీద శుభం అని పడగానే చెప్పులు వెతుక్కునేవాళ్లం. 1987లో ఆదివారం పొద్దున టీవీలో రామాయణం వచ్చినప్పుడు, మీ అమ్మకు పన్నెండేళ్లు, ఆ వారం భాగం అయిపోయాక తర్వాతేమవుతుందో చెప్పమని నా కొంగు పట్టుకుని తిరిగేది. ఇద్దరం వచ్చే ఆదివారం దాకా ఆగాల్సిందే, ఈలోగా వీధిలో పిల్లలంతా ఈతచువ్వలతో బాణాలు చేసుకునేవాళ్లు. ఇప్పుడు నువ్వు చూసే సిరీస్‌లో ఒక భాగం పేర్లు పడుతుండగానే రెండోది దానంతటదే మొదలైపోతోంది. ఫోన్‌లో వేలితో జరుపుతున్నంతసేపూ అడుగన్నది తగలకుండా కొత్తవి వస్తూనే ఉంటాయి చూడు, ఆ పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే ఆయన తయారుచేశాడట, తర్వాత ఆయనే అందుకు బాధపడ్డాడట. మీ అక్క చెప్పింది. నీ ఆఫీసూ అంతే కదా, అవతలివాళ్లకు న్యూయార్క్‌లో పొద్దున్న పదయ్యేసరికి నీకు రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ల రోజు మొదలయ్యాక నీ రోజు ముగిసేదెలాగ!

నువ్వు ఆ రాత్రి చెప్పినదానికి పేరుంది నాన్నా. మీ అక్క డాక్టరు కదా, నీ పేరెత్తకుండానే అడిగాను. పనిలో ఒత్తిడి చాలాకాలం తీరకుండా ఉండిపోతే ఒంట్లో సత్తువ పోవడం, చేసే పనిమీద మనసు విరిగిపోవడం, ఎంత చేసినా ఏమీ చేయలేదనిపించడం, ఈ మూడూ కలిస్తే బర్నవుట్ అంటారనీ, 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని జబ్బని కాకుండా, పనివల్ల కలిగే స్థితి అని వివరించిందనీ చెప్పింది. అది విని నాకు కాస్త ఊపిరాడింది. నీలో ఏదో లోటుందని నువ్వు అనుకుంటున్నావేమోనని నా భయం. నీలో లోటు లేదు నానీ. పండగనాడు హరిదాసు వచ్చినప్పుడు చూశానుగా, చేతిలో మోగుతున్న ఫోన్ జేబులో పడేసి, రెండు దోసిళ్ల బియ్యం తెచ్చావు. ఆయన మోకాళ్లమీద వంగితే ఒక్క గింజ కింద పడకుండా ఆయన తలమీది పాత్రలో పోశావు. పోసి ఊరుకోకుండా, "కాఫీ తాగి వెళ్లండి తాతా" అని అరుగు తుడిచి కూర్చోబెట్టావు. అప్పుడు నీ ముఖం ఎంత తేటగా ఉందో నీకు తెలియదు, నేను గడపలో నిలబడి చూస్తూ ఉండిపోయాను.

నీకు ఆరేళ్లప్పుడూ అంతే. ఎండాకాలం, కరెంటు లేదు, నాకు జ్వరం. విసనకర్ర పట్టుకుని వంద దాకా లెక్కపెడుతూ విసిరేవాడివి, వందయ్యాక మళ్లీ ఒకటినుంచి, నేను చాలన్నా వినేవాడివి కాదు. నాకు మెలకువ వచ్చేసరికి విసనకర్ర గుండెలమీద పెట్టుకుని నిద్రపోతున్నావు. ఆ పిల్లాడు ఎక్కడికీ పోలేదు, అలసిపోయాడంతే.

కాబట్టి రోజూ నీ పనికి నువ్వే మంగళం పాడుకో నాన్నా. పరీక్షల రోజుల్లో నేను దిద్దాల్సిన పేపర్ల కట్ట ఎప్పుడూ ఒక్కరాత్రికి తెమిలేది కాదు. ఎన్ని మిగిలాయో ఆ కట్ట మీదే రాసి, పురికొసతో కట్టి, బల్లకింద పెట్టేసేదాన్ని. రాసిపెట్టాక అవి కలలోకి వచ్చేవి కావు. నువ్వూ రేపటి పనేమిటో కాగితంమీద రాసి, ఫోన్ వంటింట్లో వదిలేసి పడుకో. నీ పైఅధికారితో రాత్రిపూట కాల్స్ సంగతి మాట్లాడు, దానికి సిగ్గుపడకు. అయినా తగ్గకపోతే మీ అక్కనడిగి మంచి డాక్టరు దగ్గరికి వెళ్లు, నేనూ వస్తాను. అన్నం తినేటప్పుడు గంట వినపడితే వినపడనీ, లేవకు.

శివరాత్రికి రెండురోజులు సెలవు పెట్టుకుని రా. అరిసెలు అప్పటికి మిగలవులే, మళ్లీ పాకం పడతాను. నీకు వసారాలో మంచం వేస్తాను, నాన్నగారి కుర్చీ ఇన్నాళ్లూ అటకమీదే ఉంది, దింపించి తుడిపించాను. నువ్వు ఎంతసేపు పడుకున్నా సరే, వీధి తలుపు దగ్గర నేను కూర్చుంటాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ