నెట్‌వర్క్ లేని దారిలో ఫోన్ ఎలా వాడాలి? కర్నూలు నుంచి బేలం దాకా నాలుగు స్టాప్‌లు, నాలుగు పాఠాలు

ఫోన్ రివ్యూల్లో కెమెరాకు, బ్యాటరీకి, జీపీఎస్‌కు మార్కులు వేస్తుంటాం. ఆ టెస్టులు చాలావరకు సిటీలో, ఫుల్ సిగ్నల్‌లో జరిగేవే. మార్చి చివర్లో నాన్నతో కలిసి కర్నూలు నుంచి బేలం గుహల దాకా ఒక్కరోజు డ్రైవ్‌కి వెళ్లాను. ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి ఈ రూట్లో బస్సుల్లో తిరిగినా, బేలంలో మాత్రం నాన్న ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఈసారి కూడా దాదాపు మిస్సయ్యేవాళ్లమే. కారణం నేను చేసిన రెండు చిన్న తప్పులు. అవి మీరు చేయకూడదనే ఈ ఆర్టికల్.

స్టాప్ 1: ఓర్వకల్లు రాక్ గార్డెన్ – ఎక్స్‌పోజర్

హైవే పక్కనే వింత ఆకారాల్లో పెద్ద పెద్ద బండలు, మధ్యలో నీళ్లు. అరగంట ఆగితే చాలు. మిట్టమధ్యాహ్నం ఇక్కడ ఫోటో తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది, బండల నీడలు నల్లగా ముద్దకడతాయి. స్క్రీన్ మీద వెలుతురున్న చోట ట్యాప్ చేసి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగండి. ఫోటో కాస్త చీకటిగా వచ్చినా పర్లేదు. నీడలోని వివరాలను ఎడిటింగ్‌లో కొంతవరకు పైకి తేవచ్చు. పూర్తిగా తెల్లబడిపోయిన ఆకాశాన్ని తిరిగి తేలేం.

స్టాప్ 2: బనగానపల్లె నవాబు బంగ్లా – వేడి

బనగానపల్లె అనగానే మామిడి గుర్తొస్తుంది. 2017లో దానికి జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఊరి దగ్గర గుట్ట మీద ఉన్న ఈ పాత బంగ్లాను చూస్తే మీకు వెంటనే ‘అరుంధతి’ సినిమా గుర్తొస్తుంది. ఆ సినిమాలోని కోట ఇదే.

నా మొదటి తప్పు ఇక్కడే. ఫోన్‌ను డ్యాష్‌బోర్డ్ మీద, ఎండ నేరుగా పడేచోట, ఛార్జింగ్‌లో పెట్టి కారు దిగిపోయాను. ఛార్జింగ్ ఒక వేడి, ఎండ ఇంకో వేడి. రెండూ కలిస్తే ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి ముందు బ్రైట్‌నెస్ తగ్గిస్తుంది, ఛార్జింగ్ ఆపుతుంది, చివరికి ఆఫ్ అయిపోతుంది. నా ఫోన్ అప్పటికే వార్నింగ్ చూపించింది. నేను పట్టించుకోలేదు. మౌంట్‌ను ఏసీ వెంట్ ముందు పెట్టుకోండి. వేడెక్కిన ఫోన్‌ను ఫ్రిజ్‌లోనో ఐస్ మీదో మాత్రం పెట్టకండి, లోపల తేమ చేరుతుంది.

స్టాప్ 3: యాగంటి – లెన్స్

యాగంటి బసవన్న ఏటా పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం. ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేయడానికి చోటుండేదని అక్కడివాళ్లు చెబుతారు. అగస్త్యుడి శాపం వల్ల ఇక్కడ కాకులు వాలవనేది ఇంకో కథ.

ఫోటో తీయొచ్చో లేదో అడిగి, నందిని రెండు రకాలుగా తీశాను. దగ్గరికెళ్లి అల్ట్రావైడ్‌తో తీస్తే ముఖం భారీగా, వెనక భాగం చిన్నగా వచ్చింది. వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీస్తే సరైన కొలతల్లో వచ్చింది. ఫోన్‌లో అయితే బసవన్నను మనమే పెంచేయొచ్చన్నమాట! నిజానికి ఆకారాన్ని మార్చేది లెన్స్ కాదు, మనం నిలబడే దూరం. మనుషుల పోర్ట్రెయిట్లకు కూడా ఇదే సూత్రం.

దారి తప్పిన చోట – జీపీఎస్

యాగంటి నుంచి బేలం వెళ్తుంటే నా ఫోన్ ఆఫ్ అయింది. నాన్న ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. మ్యాప్‌లో నీలం చుక్క కదులుతోంది కానీ కింద రోడ్లు లేవు, అంతా బూడిద రంగే. ఇదే నా రెండో తప్పు. ఆయన ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ వేయలేదు.

జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సిగ్నల్ అందితే ఫోన్ తానెక్కడుందో లెక్క కట్టేస్తుంది. నెట్ ఉంటే మొదటి లొకేషన్ త్వరగా దొరుకుతుంది, అంతే. నెట్ కావాల్సింది రోడ్ల బొమ్మకు. దాన్ని ముందే దింపుకోవచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో ప్రొఫైల్ ఫోటో నొక్కి, ‘ఆఫ్‌లైన్ మ్యాప్స్’లోకి వెళ్లి, ప్రాంతాన్ని ఎంచుకుని డౌన్‌లోడ్ చేయండి. లైవ్ ట్రాఫిక్ రాదు గానీ కారు దారి చూపిస్తుంది.

నాన్న కారాపి మేకలు కాసే ఆయన్ని అడిగారు.

“బేలం గుహలకు ఇట్లే పోవచ్చాప్పా?”

“దావ తప్పినారు సార్. ఎనక్కి పోయి, చింతచెట్టు కాడ ఎడమకు తిరగండి.”

నలభై నిమిషాలు పోయాయి. లోపలికి పంపిస్తారో లేదో అని టికెట్ కౌంటర్ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

స్టాప్ 4: బేలం – చీకటి

పంపించారు. ఈ గుహల పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల మేర నడవొచ్చు. లోపల ఉక్క. చల్లటి కారులోంచి వచ్చిన ఫోన్ లెన్స్‌కు మంచు పట్టినట్టు మసక కమ్మింది. కాసేపు ఆగి, మెత్తటి గుడ్డతో తుడవాలి. నీలం చుక్క గుహ ముఖద్వారం దగ్గరే ఆగిపోయింది. ఉపగ్రహ సిగ్నల్ అంత రాతిని దాటి రాలేదు.

ఫ్లాష్ వాడకండి, దాని వెలుగు కొన్ని అడుగులే వెళ్తుంది. నైట్ మోడ్ పెట్టి, మోచేతులు రెయిలింగ్‌కు ఆనించి, మూడు సెకన్లు ఊపిరి బిగబట్టండి. పైనుంచి వేలాడే సున్నపురాళ్ల కింద నాన్న ఫోటో అలాగే తీశాను, ఆయన ఫోన్‌తోనే. ఇప్పుడు అదే ఆయన వాల్‌పేపర్.

బయల్దేరే ముందు

• కారులో ఉన్న ప్రతి ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్
• మౌంట్ నీడలో, ఏసీ వెంట్ దగ్గర
• యూపీఐ పనిచేయకపోతే ఇవ్వడానికి చిల్లర
• ఊళ్ల పేర్లు వరుసగా రాసుకున్న ఒక కాగితం

ఇవన్నీ ఉన్నా అనుమానం వస్తే కారాపి అడగండి. ఆరోజు మమ్మల్ని బేలం చేర్చింది అదే.