కారం చల్లినా చెరగదు

దొంగలు ఇల్లు దోచుకుని, జాగిలాలకు వాసన అందకుండా కారం చల్లి పోయారన్న వార్త జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివి ఉంటాం! గుంటూరు సీమలో కారానికి కొదవేముంది. అయితే కారం కుక్క ముక్కునే ఇబ్బంది పెడుతుంది. బీరువా తలుపు మీద, చింపి పారేసిన కాగితం మీద అంటిన చెమటను అది ఏమీ చేయలేదు. ఆ చెమటను కంటికి కనిపించేలా చేసేది కెమిస్ట్రీ. పిడుగురాళ్లలోనో నరసరావుపేటలోనో బీఎస్సీ చదువుతూ "కెమిస్ట్రీ తీసుకుంటే ఏం ఉద్యోగాలొస్తాయి సార్?" అని అడిగే పిల్లలకు ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా సినిమా చూపిస్తారు.

నిజానికి ఈ పనిలో మొదటి పాఠం మీరు ఇంటర్‌లోనే చదివేశారు. సాల్ట్ అనాలిసిస్‌లో క్లోరైడ్ కోసం సిల్వర్ నైట్రేట్ పోసి, తెల్లటి పెరుగులాంటి అవక్షేపం చూసే ఉంటారు. చెమటలో ఉండేదీ ఉప్పే. అనుమానమున్న కాగితానికి ఆ ద్రావణమే పట్టించి వెలుతురులో పెడితే సిల్వర్ క్లోరైడ్ నల్లబడి వేలి గీతలు తేలతాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికే తెలిసిన పద్ధతి ఇది. ఇప్పుడు దీని అవసరం పెద్దగా పడటం లేదు. కాగితానికి నిన్‌హైడ్రిన్ వచ్చింది.

1910లో సీగ్‌ఫ్రీడ్ రూమన్ కనుగొన్న ఈ పదార్థం అమైనో ఆమ్లాలు తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది. బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో అందరూ చేసే పరీక్షే. క్రోమటోగ్రఫీ కాగితాన్ని ఒట్టి చేత్తో పట్టుకుంటే మీ వేలిముద్రలే ఊదాగా లేచి ల్యాబ్‌లో తిట్లు తినిపిస్తాయి. ఆ మరకే నేర పరిశోధనకు పనికొస్తుందని స్వీడన్‌కు చెందిన ఓడెన్, వాన్ హోఫ్‌స్టెన్ ప్రకటించింది 1954లో. అంటే నలభై నాలుగేళ్లు పట్టింది!

అమైనో ఆమ్లాలు కాగితపు పీచును పట్టుకుంటే అంత తేలిగ్గా వదలవు. ఏళ్లనాటి ప్రోనోటు మీద కూడా ముద్ర లేవొచ్చు. అదే దీని బలం, చిక్కు కూడా. ఆ వేలు ఎప్పుడు తగిలిందో ముద్ర చెప్పదు. మన కరెన్సీ నోట్లు పత్తి పీచు కాగితమే కాబట్టి నిన్‌హైడ్రిన్ వాటి మీదా పనిచేస్తుంది, కానీ వంద చేతులు మారిన నోటు మీద ఒకరి ముద్రను విడదీయడం కష్టం.

ప్లాస్టిక్, గాజు, లోహం మీద మరో పద్ధతి. ఫెవిక్విక్ లాంటి జిగురులో ఉండే సయనోఅక్రిలేట్‌ను మూసిన పెట్టెలో ఆవిరి చేస్తే, అది ముద్ర గీతల మీద తెల్లటి పొరగా గట్టిపడుతుంది. 1970ల చివర్లో జపాన్‌లో బయటపడిన కిటుకు. ఇక్కడ మన ఎండను గుర్తుపెట్టుకోవాలి. ఈ చర్యకు తేమ కావాలి, పెట్టెలో దాదాపు 80 శాతం ఉంచుతారు. రెంటచింతల ఎండలో ఆరిపోయిన ముద్ర, గదిలో ఉన్నదానంత బాగా లేవదు. జిగురును అతిగా వేడిచేస్తే విషవాయువులు వస్తాయి కాబట్టి ఇంట్లో ప్రయోగం పెట్టుకోవద్దు. సాగర్ కుడి కాలువలోంచి తీసిన బైకు తడిగా ఉంటే మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన నీళ్లు చల్లుతారు. టేపు జిగురు వైపు జెన్షియన్ వయొలెట్ పూస్తారు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది వరస. ముందు ఫొటో, ఆ తర్వాతే రసాయనం. కాగితం మీద మొదట డీఎఫ్‌వో అనే రసాయనం, తర్వాత నిన్‌హైడ్రిన్, చివర్న వెండితో పనిచేసే ఫిజికల్ డెవలపర్. వరస తప్పితే ముద్ర పోతుంది, మళ్లీ రాదు. డీఎన్‌ఏ నమూనా కావాలంటే అదీ ముందే తీసుకోవాలి. ఓపిక లేనివాళ్లు ఈ ఉద్యోగానికి రావద్దని నేను నిర్మొహమాటంగానే చెబుతాను.

పిడుగురాళ్ల వాళ్లకు ఇంకో సంగతి పుస్తకం చూడకుండానే తెలుసు. సున్నం బట్టీల్లో ఏళ్ల తరబడి పనిచేసినవాళ్ల వేళ్లను రేషన్ మిషన్ గుర్తుపట్టకపోవడం. సున్నపు క్షారం చర్మాన్ని తినేసి గీతల్ని అరగదీస్తుంది. ముద్ర మసకగా ఉండటానికి నేరగాడి తెలివే కారణం కానక్కర్లేదు, కూలి పని కూడా కావొచ్చు.

ముద్ర ఎంతవరకు చెబుతుందో ఈ దేశంలో తొలినాళ్లలోనే తేలింది. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో మొదలైంది. దాని వర్గీకరణ పద్ధతికి అక్కడ పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ కష్టపడితే పేరు మాత్రం వాళ్ల పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. మరుసటి ఏడాది జల్పాయ్‌గురి తేయాకు తోట హత్య కేసులో పంచాంగం మీది నెత్తుటి ముద్ర నిందితుడిదేనని తేలింది. అయినా కోర్టు దొంగతనానికే శిక్ష వేసింది, హత్య రుజువు కాలేదంది. మన పక్కనే బాపట్ల దగ్గర, నేరస్థ జాతులని ముద్ర వేసినవాళ్లను ఉంచిన స్టువర్టుపురం ఉంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద నమోదు చేసినవాళ్ల వేలిముద్రలు ఎప్పుడైనా తీసుకునే అధికారం ఉండేది. నేరస్థ జాతుల చట్టాలు దేశమంతటా 1952 నాటికి రద్దయ్యాయి. ఈ విద్య చేతికొచ్చినవాళ్లు ఆ చరిత్ర కూడా చదవాలి.

ఇక ఉద్యోగాలు. దారులు రెండు. ఒకటి పోలీసు శాఖలోని వేలిముద్రల బ్యూరో, జిల్లా క్లూస్ టీమ్‌లు. తెలంగాణ 2018 పోలీసు నోటిఫికేషన్‌లో ఫింగర్ ప్రింట్ బ్యూరో ఏఎస్సై పోస్టులు విడిగా ఇచ్చారు. మన రాష్ట్రంలో పోలీసు నియామక మండలి నోటిఫికేషన్లు చూస్తుండాలి. కేంద్ర వేలిముద్రల బ్యూరో పెట్టే నిపుణుల పరీక్ష బయటివాళ్లు నేరుగా రాసేది కాదు, సర్వీసులో ఉన్నవాళ్లకు. 2022లో మొదలైన నాఫిస్ అనే జాతీయ వేలిముద్రల వ్యవస్థ వల్ల ఒక రాష్ట్రంలో దొరికిన ముద్రను దేశమంతటి రికార్డులతో పోల్చొచ్చు. రెండో దారి ఫోరెన్సిక్ ల్యాబ్. రాష్ట్ర ల్యాబ్‌లున్నాయి, హైదరాబాద్ రామంతాపూర్‌లో కేంద్ర ల్యాబ్ ఉంది. అక్కడి కెమిస్టుకు వేలిముద్రలతో పాటు పురుగుమందులు, మత్తుపదార్థాలు, పేలుడు పదార్థాల పనీ ఉంటుంది.

2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, ఏడేళ్లు అంతకుమించి శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు ఘటనాస్థలికి వెళ్లాల్సిందేనంది. ఏర్పాట్లకు రాష్ట్రాలకు ఐదేళ్ల గడువిచ్చింది. మనుషుల అవసరం పెరుగుతుంది, అయినా పోస్టులు వేలల్లో పడతాయనుకోవద్దు.

అందుకే నా సలహా: డిగ్రీలోనే ఫోరెన్సిక్ అని పేరున్న ప్రైవేటు కోర్సుకు లక్షలు పోయకుండా, ముందు కెమిస్ట్రీ గట్టిగా చదవండి. ఆ తర్వాత ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ గానీ, 2020లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన గాంధీనగర్ జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయంలో గానీ చేరొచ్చు. ఉద్యోగం ఆలస్యమైతే మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల క్వాలిటీ ల్యాబ్‌లు, ఫార్మా కంపెనీలు కెమిస్ట్రీ పట్టాకు తలుపు మూయవు. కోర్సులో చేరేముందు పాత నోటిఫికేషన్ ఒకటి తెచ్చుకుని, అర్హతల దగ్గర ఏ డిగ్రీ రాశారో చదవండి. చాలామంది ఫీజు కట్టాక చదువుతున్నారు.

ఈలోగా ఇంట్లోవాళ్ల పది వేళ్ల ముద్రలు స్టాంపు ప్యాడ్ సిరాతో తెల్ల కాగితం మీద తీసుకోండి. భూతద్దం పెట్టి గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ రెండుగా చీలింది గుర్తించండి. మీ ప్రాక్టికల్ రికార్డును మాత్రం పక్కవాడిది చూసి రాయకండి. రేపు బోనులో నిలబడితే డిఫెన్స్ లాయరు అడిగేవి అవే: ద్రావణం ఎవరు కలిపారు, ఎంత గాఢత, ఏ తేదీన, ముందు ఫొటో తీశారా లేదా.